తూర్పు విమానం, ఒంట్లో పొద్దు

(నల్లగొండలో విదేశాలకు వెళ్లబోయే విద్యార్థులు, ఉద్యోగులు, పిల్లల దగ్గరికి పోయే తల్లిదండ్రుల కోసం జరిగిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం. చివర అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఇక్కడ ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతుందా? సరే, మంచిది.

వీసా, టికెట్లు, బ్యాగుల బరువు గురించి ఇందాక వివరంగా విన్నారు. నాకు అప్పజెప్పింది చిన్న సంగతి. విమానం దిగినాక రెండు మూడు రోజులు ఒళ్లు మొద్దుబారినట్టు ఉంటది, రాత్రి నిద్ర పట్టదు, పొద్దుగాల లేవబుద్ధి కాదు. దాన్నే జెట్ ల్యాగ్ అంటున్నాం. అమెరికా సంగతి ఇవాళ పక్కన పెడుతున్నా. అక్కడ పగలు రాత్రి మొత్తం తిరగబడతాయి, దాని లెక్క వేరు. ఇవాళ మాట్లాడేది తూర్పు దిక్కుకు పోయే మధ్యరకం ప్రయాణాల గురించి, అంటే గంటన్నర నుంచి ఐదున్నర గంటల తేడా ఉండేవి.

ఎక్కడెక్కడ ఎంత తేడానో ముందు చెప్తా, రాసుకోండి. సింగపూర్, కౌలాలంపూర్, హాంకాంగ్, ఆస్ట్రేలియాలో పెర్త్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. టోక్యో, సోల్ మూడున్నర. సిడ్నీ, మెల్‌బోర్న్ నాలుగున్నర. కాని అక్కడ అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అప్పుడు ఐదున్నర. ఇక తూర్పుకు పోవడమంటే ఊరు విడిచి పోవడం ఒక్కటే అనుకోకండి. దుబాయ్ నుంచి ఇంటికి రావడమూ తూర్పు ప్రయాణమే, గంటన్నర తేడా. దోహా, రియాద్, కువైట్ నుంచైతే రెండున్నర. లండన్ నుంచి చలికాలంలో ఐదున్నర, ఎండాకాలంలో నాలుగున్నర.

ఇప్పుడు అసలు మాట. విమానం దిగినాక వచ్చే అలసటలో రెండు రకాలుంటాయి. ఒకటి రాత్రి పోగొట్టుకున్న నిద్ర, దాన్ని నిద్ర బాకీ అందాం. రెండోది జరిగిన పొద్దు, అంటే మన ఒంటి గడియారానికీ అక్కడి పొద్దుకూ పడ్డ తేడా. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. మనవాళ్లు చేసే పొరపాటంతా ఇక్కడే. నిద్ర బాకీకి చేయాల్సింది పొద్దు తేడాకు చేస్తారు, పొద్దు తేడాకు చేయాల్సింది అసలు చేయరు.

నిద్ర బాకీ ఎట్ల పెరుగుతదో చూడండి. సింగపూర్‌కు రాత్రి 11.30కు విమానం అనుకుందాం. మూడు గంటల ముందు, అంటే 8.30కు శంషాబాద్‌లో ఉండాలి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి పోతే రెండు, రెండున్నర గంటలు. పాలమూరు వాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ మీద నేరుగా రోడ్డు, గంటన్నర. ట్రాఫిక్ భయానికి సాయంత్రం ఐదున్నరకే కారు కదులుతది. అంతకుముందు పొద్దుగాలటి నుంచి ఇంటి నిండా చుట్టాలు. తోడికోడలు తెచ్చిన పచ్చడి సీసా పెడితే బ్యాగు రెండు కిలోలు ఎక్కువైంది, విప్పు, మళ్లీ కట్టు. పొద్దుగాల ఐదింటికి లేచిన మనిషి విమానం కదిలేసరికి పద్దెనిమిదిన్నర గంటలు మేలుకొని ఉన్నాడు.

విమానం నాలుగున్నర గంటలు. ఎక్కినాక గంటకు భోజనం బండి వస్తది. దిగేందుకు నలభై నిమిషాల ముందు లైట్లు వేస్తరు, సీటు నిటారుగా పెట్టమంటరు. మధ్యలో మిగిలేది రెండున్నర గంటలు. దిగేసరికి అక్కడ ఉదయం 6.30, మన ఒంటికి తెల్లవారుజాము నాలుగు. ఈ మనిషికి వచ్చిన అలసటలో ముప్పావు వంతు జెట్ ల్యాగ్ కానే కాదు. రాత్రంతా పెళ్లిలో కూర్చున్నోడికి వచ్చే అలసటే.

కాబట్టి రెండున్నర గంటల లోపు తేడా ఉన్నవాళ్లు పొద్దు గురించి ఎక్కువ బుగులు పడొద్దు. నిద్ర బాకీ తగ్గించుకుంటే చాలు. అదెట్ల? ప్రయాణం ముందు రోజు రాత్రికే బ్యాగులు కట్టి, తూకం చూసి, తాళం వేయండి. ప్రయాణం రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా తలుపు మూసుకొని పడుకోండి. చుట్టాలు ఏమనుకున్నా సరే. రాత్రి భోజనం ఏడింటికే కారులోనో, విమానాశ్రయం బయటనో ముగించండి. రెండు జొన్నరొట్టెలు, కూర, కొంచెం పెరుగన్నం. విమానంలో భోజనం వద్దని ఎక్కగానే చెప్పి, దుప్పటి కప్పుకొని, సీటు బెల్టు ఆ దుప్పటి పైనుంచి పెట్టుకోండి. బెల్టు దుప్పటి లోపలుంటే, విమానం కుదిపినప్పుడల్లా సిబ్బంది మిమ్మల్ని తట్టి లేపి పెట్టుకున్నారా అని అడుగుతారు. కళ్లకు గంత, చెవులకు ఇయర్ ప్లగ్స్. మెడ కింది దిండును వెనక్కి కాకుండా గదవ కిందికి తిప్పి పెట్టుకుంటే తల ముందుకు వాలదు. ఇంత చేస్తే రెండున్నర గంటల నిద్ర మూడున్నర అవుతది.

కడుపు సంగతి కూడా చెప్పాలి. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటది. ఆ ఒత్తిడిలో పేగుల్లోని గ్యాస్ పావు నుంచి మూడో వంతు దాకా ఉబ్బుతది. ఎక్కేముందు బిర్యానీ, శనగలు, సోడా లాగిస్తే ఆ ఉబ్బరానికి నిద్ర రాదు. గాలిలో తేమ కూడా 10 నుంచి 20 శాతమే. పెదవులు ఎండి, తల పట్టేసినట్టయి, దాన్ని కూడా జెట్ ల్యాగ్ ఖాతాలో రాస్తారు. గంటన్నరకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగండి. నీళ్ల విలువ నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాలా! (నవ్వులు) ఉచితంగా పోస్తున్నారని మందు మాత్రం తాగకండి. అది నిద్ర పట్టిస్తది గాని, రెండో జాముకే లేపేస్తది. ఆ నిద్ర లెక్కలోకి రాదు.

ఇప్పుడు రెండో రకానికి వస్తా. జరిగిన పొద్దు.

మన భాషలో పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే కాలం కూడా. ఒంటికి కూడా ఈ రెండూ ఒకటే. మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ల నరాలు ఒకదాన్నొకటి దాటుకొని పోయే చోటికి కాస్త పైన, సుమారు ఇరవై వేల కణాల చిన్న గుంపు ఒకటుంది. అదే ఒంటి గడియారం. కంటి వెనక పొరలో కొన్ని కణాలున్నాయి. వాటికి మనుషుల ముఖాలు, అక్షరాలు ఏవీ పట్టవు. వెలుతురు ఎంతుంది, అందులో నీలిరంగు పాలు ఎంత, అంతే చూసి ఈ గడియారానికి కబురు పంపుతాయి. ఈ గడియారం సరిగ్గా 24 గంటలకు తిరగదు. చాలామందిలో పది పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటది. రోజూ పొద్దుగాలటి వెలుతురే దాన్ని సరిచేస్తది.

అందుకే రాత్రి ఇంకో గంట మేలుకోవడం సులువు, ఇవాళ గంట ముందే పడుకోమంటే కష్టం. పడమరకు పోతే రోజు సాగుతది, ఒంటికి అది ఇష్టం. తూర్పుకు పోతే రోజు కురచవుతది. పడమర దిక్కు ఒంటి గడియారం రోజుకు సుమారు గంటన్నర సర్దుకుంటే, తూర్పు దిక్కు ఒక గంటే సర్దుకుంటది. మెల్‌బోర్న్‌కు ఐదున్నర గంటలంటే ఏ జాగ్రత్తా లేకుండా పోతే ఐదారు రోజులు.

ఆ రోజుల్ని సగం చేయొచ్చు. దానికి ఒక లెక్క తెలియాలి. ఈ ఒక్కటి అర్థమైతే ఇవాళ మీరు వచ్చిన పని అయినట్టే, అందుకే కొంచెం నిదానంగా చెప్తా.

రోజులో ఒక గడియ ఉంటది. అప్పుడు ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువగా ఉంటది, నిద్ర మత్తు చాలా ఎక్కువ. అలారం లేకుండా మీరు మామూలుగా లేచే యాళ్లకు రెండున్నర గంటల ముందు అది వస్తది. ఆరింటికి లేచేవాళ్లకు మూడున్నర. దానికి నేను మలుపు గంట అని పేరు పెట్టుకున్నా. ఆ మలుపు దాటినాక కంట్లో వెలుతురు పడితే ఒంటి గడియారం ముందుకు జరుగుతది, తూర్పుకు పోయిన మనకు కావలసింది అదే. మలుపుకు ముందు నాలుగు గంటల్లో వెలుతురు పడితే గడియారం వెనక్కి జరుగుతది. అంటే మనం తూర్పున దిగి, ఒంటిని పడమరకు తోస్తున్నట్టు.

సింగపూర్ లెక్క వేద్దాం. మలుపు మన మూడున్నర, రెండున్నర కలిపితే అక్కడ ఉదయం ఆరు. విమానం దిగింది ఆరున్నరకు. అక్కడ పొద్దు పొడిచేది ఏడు ప్రాంతంలో. అంటే మలుపు దాటినాకే పొద్దు కనబడుతది, ఏ భయం లేదు. ఇమిగ్రేషన్, బ్యాగు అయ్యాక ఎనిమిదింటికి బయట పడతారు. కూలింగ్ గ్లాసులు తీసి జేబులో పెట్టుకొని ముప్పావుగంట ఆరుబయట నడవండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందున్నా, అక్కడి సూర్యుడు హైదరాబాద్ సూర్యుడి కన్నా గంటా నలభై నిమిషాలే ముందు. రేఖాంశాలు చూసుకోండి, హైదరాబాద్ 78.5 డిగ్రీలు, సింగపూర్ 103.8. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అంతే వస్తది. వాళ్లు గడియారాన్ని తమ సూర్యుడి కన్నా ముందుకు పెట్టుకున్నారు. అందుకే అక్కడ ఏడింటికి గాని తెల్లారదు. ఒంటికి గడియారం ముల్లు కనబడదు, సూర్యుడే కనబడతాడు. అందుకే సింగపూర్ మనకు అంత కష్టమనిపించదు.

టోక్యో దీనికి పూర్తిగా ఎదురు. గడియారం మూడున్నర గంటలే ముందు. కాని సూర్యుడు నాలుగు గంటల పైనే ముందు. జూన్‌లో అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకే పొద్దు పొడుస్తది. అప్పుడు మన ఒంటికి రాత్రి ఒంటిగంట. మలుపు గంట అక్కడి ఏడు. అంటే నాలుగున్నర నుంచి ఏడు దాకా కిటికీలోంచి పడే వెలుతురంతా మిమ్మల్ని వెనక్కి తోస్తది. మబ్బుల్నే లేచే అలవాటున్న పల్లెటూరి మనిషి అక్కడ నాలుగున్నరకు వెలుతురు చూసి, తెల్లారిందని లేచి, బాల్కనీలో కూర్చుంటాడు. రోజూ అదే చేస్తే వారమైనా కుదురుకోడు. గదికి మందపాటి పరదా ఉందో లేదో పడుకునే ముందే చూసుకోండి. లేకుంటే కళ్లగంత కట్టుకొని పడుకోండి. విమానంలోనూ అంతే. ఆ దారిలో అర్ధరాత్రి దాటగానే కిటికీలో తెల్లారడం మొదలైతది, చూడముచ్చటగా ఉంటది. అయినా కిటికీ తెర దించండి.

మెల్‌బోర్న్, డిసెంబర్. మూడున్నరకు ఐదున్నర కలపండి, తొమ్మిది. తొమ్మిది లోపు బయటికి పోవాల్సి వస్తే నల్ల కూలింగ్ గ్లాసులు, అంచున్న టోపీ. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా అవి తీసి బయట తిరగండి. మర్నాడు మలుపు ఎనిమిది, ఆ తర్వాతి రోజు ఏడు. మలుపును రోజుకో గంట తగ్గించి లెక్క వేసుకుంటూ పోతే నాలుగో రోజుకు కళ్లద్దాల పని లేదు.

లండన్ నుంచి వచ్చే పిల్లల లెక్క కూడా ఇదే. అక్కడ ఏడింటికి లేచే అలవాటైతే మలుపు నాలుగున్నర. డిసెంబర్‌లో ఐదున్నర కలిపితే ఇక్కడ ఉదయం పది. మే నెలలో నాలుగున్నర కలిపితే తొమ్మిది. కాని ఇంటికొచ్చిన బిడ్డను పొద్దుగాల ఆరింటికే లేపి, వాకిట్లో కుర్చీ వేసి, చాయ్ చేతికిస్తారు. ప్రేమే, కాదనను. ఆ వెలుతురు మాత్రం వాడికి పడదు. మొదటి రోజు అంబటి పొద్దు దాకా చీకటి గదిలో పడుకోనివ్వండి. తర్వాత అరుగు మీదికి పంపండి. మే నెలలో పాలమూరు ఎండలో నిలబడమని నేను చెప్పడం లేదు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, నడి ఎండ లక్ష లక్స్‌ల దాకా ఉంటది. వేపచెట్టు నీడలో కూర్చున్నా వేలల్లోనే ఉంటది. మొగులు పట్టిన రోజూ అంతే. అదే ట్యూబ్‌లైటు వేసిన గదిలో రెండు మూడు వందలు దాటదు. ఇంట్లో లైటు కింద కూర్చొని వెలుతురు చూశాననుకుంటే ఒంటి గడియారానికి ఆ సంగతే తెలియదు.

బయలుదేరే ముందు కూడా కొంత పని ఉంది. మూడు రోజుల ముందు నుంచి రోజుకు అరగంట ముందు పడుకొని, అరగంట ముందు లేచి, లేవగానే ఆరుబయటకు పోవాలి. పదింటికి పడుకునేవాళ్లు తొమ్మిదిన్నర, తొమ్మిది, ఎనిమిదిన్నర. గంటన్నర ఇక్కడే కలిసొస్తది. పొలం పనులకు నాలుగున్నరకు లేచే రైతుకైతే మలుపు గంట రెండే, అంటే సింగపూర్‌లో నాలుగున్నర. తూర్పు ప్రయాణానికి వాళ్లు పుట్టుకతోనే తయారుగా ఉన్నట్టు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి తొమ్మిదింటికి లేచే కుర్రాళ్లకే అసలు తండ్లాట. వాళ్ల మలుపు ఆరున్నర, సింగపూర్‌లో తొమ్మిది, మెల్‌బోర్న్‌లో పన్నెండు! ఇందాక మెల్‌బోర్న్‌కు చెప్పిన తొమ్మిదిన్నర వీళ్లు పాటిస్తే దెబ్బ తింటారు. అందుకే పక్కవాడి లెక్క కాపీ కొట్టకండి. మీరు అలారం లేకుండా లేచే యాళ్ల నుంచి మీ లెక్క మీరే వేసుకోండి.

దిగిన రోజు పగటి నిద్ర గురించి. రాత్రంతా మేలుకొని ఉంటే పన్నెండు లోపు గంటన్నర పడుకోవచ్చు. విమానంలో కాస్త నిద్రపోయి ఉంటే మధ్యాహ్నం ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. ఏదైనా అక్కడి మూడు గంటలు దాటాక పడుకోవద్దు. అలారం రెండు పెట్టండి, ఒకటి మంచానికి దూరంగా. సాయంత్రం ఐదింటికి ఐదు నిమిషాలని ఒరిగి, తొమ్మిదింటికి లేచి, తెల్లార్లూ కప్పు చూస్తూ పడుకోవడం చాలామంది చేసేదే. చాయ్, కాఫీ పొద్దున ఎన్నయినా తాగండి, మధ్యాహ్నం రెండు దాటితే వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటది.

రాత్రి పడకకూ ఒక చిక్కు ఉంది. మనం మామూలుగా పడుకునే టైముకు రెండు మూడు గంటల ముందు ఒళ్లు అన్నిటికన్నా హుషారుగా ఉంటది. ఇక్కడ పదింటికి పడుకునే మనిషి సింగపూర్‌లో తొమ్మిదిన్నరకు మంచమెక్కితే, ఒంటికి అది ఏడు. ఎంత దొర్లినా నిద్ర రాదు. వచ్చిన మొదటి రోజే ఇట్లయింది, ఇగ నాకు నిద్రే పట్టదేమో అని ఆగమైపోతారు. పదిన్నర, పదకొండుకు పడుకోండి. ఎంత ఆలస్యంగా నిద్ర పట్టినా సరే, పొద్దున ఏడింటికి మాత్రం లేవండి. ఇంకో మాట, మొదటి రాత్రి కన్నా రెండో రాత్రి కష్టంగా ఉంటది. మొదటి రాత్రి నిద్ర బాకీ ఉంది కాబట్టి పట్టింది. రెండో రాత్రికి బాకీ తీరింది, పొద్దు మాత్రం ఇంకా జరగలేదు. ఇది ముందే తెలిసుంటే పరేషాన్ కారు.

తిండికీ గడియారముంది. 2017లో వైద్య నోబెల్ బహుమతి జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ ముగ్గురికి వచ్చింది. పండ్ల ఈగల్లో ఈ గడియారం కణం లోపల ఎట్ల తిరుగుతదో విప్పి చూపినందుకు ఇచ్చారు. అటువంటి యంత్రాంగమే మన కాలేయంలో, పేగుల్లో కూడా ఉంది. మెదడు గడియారం వెలుతురును బట్టి పోతే, ఇవి తిండిని బట్టి పోతాయి. కాబట్టి ఆకలి లేకున్నా అక్కడి ఎనిమిదింటికి ఏదో కొంచెం తినండి, రెండు ఇడ్లీలంత. అక్కడి రాత్రి పన్నెండింటికి ఆకలేస్తే సకినాల డబ్బా మూత తీయకండి. నీళ్లు తాగి పడుకోండి.

మెలటోనిన్ బిళ్లల గురించి చాలామంది అడుగుతున్నారు. చీకటి పడ్డాక ఒంట్లో సహజంగా ఊరేదే అది. తూర్పు ప్రయాణానికి, ముఖ్యంగా నాలుగైదు గంటల తేడాకు, పనికొస్తది. అక్కడ పడుకునే టైముకు గంట ముందు, అర మిల్లీగ్రాము నుంచి మూడు మిల్లీగ్రాముల దాకా, మూడు నాలుగు రాత్రులు. పది మిల్లీగ్రాములు వేసుకుంటే మూడింతలు పని చేయదు, పొద్దుగాల తల మత్తుగా ఉంటది, అంతే. అసలు తప్పు ఎక్కడ జరుగుతదంటే, తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి మరొకటి వేసుకోవడం. ఆ యాళ్లకు వేసుకుంటే గడియారం వెనక్కి పోవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు. నిద్రమాత్రల సంగతి వేరు. సింగపూర్‌లో, జపాన్‌లో, గల్ఫ్‌లో వాటి మీద గట్టి నిబంధనలున్నాయి. డాక్టర్ చీటీ, ముందస్తు అనుమతి లేకుండా బ్యాగులో పెట్టుకుంటే పొద్దు కన్నా పెద్ద చిక్కు వస్తది.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు ఒక్క మాటే. గంటన్నర, రెండున్నర తేడాకు మీరు ప్రత్యేకంగా చేయాల్సింది ఏమీ లేదు, రోజూ పొద్దుగాల బయట తిరిగితే చాలు. ప్రమాదమంతా శంషాబాద్ నుంచి ఇంటికొచ్చే దారిలో ఉంది. విమానం తెల్లవారుజామున మూడింటికి దిగుతది. నాలుగున్నరకు కారెక్కుతారు. తోలేవాడు రాత్రి పదకొండుకు ఊర్లో బయలుదేరి, పార్కింగ్‌లో కూర్చొని కూర్చొని ఉన్నాడు. అతనికీ అది మలుపు గంట పక్కనే. కళ్లు తెరిచే ఉంటాయి, రెండు మూడు సెకన్లు మెదడు మాత్రం నిద్రపోతది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 75 మీటర్లు. అద్దం దించితే, పాట పెంచితే ఆ నిద్ర ఆగదు. పెట్రోల్ బంకు పక్కన ఆపి, ఒక చాయ్ తాగి, తాగిన వెంటనే ఇరవై నిమిషాలు పడుకోవాలి. చాయ్ పని మొదలుపెట్టేసరికి లేస్తారు, రెండూ కలిసొస్తాయి. ఇంకా మంచిది, తోలేవాడు రాత్రి తొమ్మిదికే శంషాబాద్ దగ్గర చేరి అక్కడే పడుకోవడం. చాలా ఏళ్లకు వచ్చిన మనిషి ఉత్సాహంలో నేనే నడుపుతా అంటాడు. స్టీరింగ్ మాత్రం ఇవ్వకండి.

ఇక ప్రశ్నలు ఏమన్నా ఉంటే అడగండి.

*ప్రశ్న: సార్, మా ఆయనకు షుగర్. ఇన్సులిన్ తీసుకుంటడు. కొడుకు దగ్గరికి మెల్‌బోర్న్ పోతున్నం. సూది ఏ టైముకు ఏసుకోవాలె, మన టైముకా, ఆడి టైముకా?*

మంచి ప్రశ్న అడిగారమ్మా. తూర్పుకు పోతే ఆ రోజు 24 గంటలు ఉండదు, పద్దెనిమిదిన్నర గంటలే ఉంటది. అక్కడి గడియారం చూసి మామూలు మోతాదు వేసుకుంటే రెండు సూదుల మధ్య దూరం తగ్గి, షుగర్ పడిపోయే అపాయం ఉంది. రెండున్నర గంటల తేడాకు చాలామందికి మార్పు అక్కర్లేదు. ఐదున్నరకు మాత్రం మోతాదు ఎంత తగ్గించాలో మీ డాక్టరే చెప్పాలి. పది రోజుల ముందే టికెట్ తీసుకొని పోయి, విమానం బయలుదేరే టైము, దిగే టైము చూపించి, కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ చేతి బ్యాగులోనే పెట్టండి, కింద వేసే లగేజీలో గడ్డకట్టే ప్రమాదముంది. దారిలో ప్రతి నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోండి. జేబులో గ్లూకోజ్ బిళ్లలుండాలి. ఇందాక భోజనం మానేసి పడుకోమన్నానే, అది ఆయనకు వర్తించదు.

*ప్రశ్న: బీపీ గోలీ, థైరాయిడ్ గోలీ?*

రోజుకొకటి వేసుకునే బీపీ గోలీ రెండు మూడు గంటలు అటూ ఇటూ అయితే చాలామందికి ఏం కాదు. థైరాయిడ్ గోలీ అక్కడి పొద్దున పరగడుపునే.

*ప్రశ్న: నేను కంపెనీ పని మీద రెండే రోజులు సింగపూర్ పోయొస్త. గింత లెక్క ఎయ్యాల్నా?*

వద్దు బాబూ. రెండు రోజులకు ఒంటిని మార్చడమే దండగ. అటు మార్చి, ఇటు మార్చి రెండుసార్లు నలిగిపోతావు. మన టైములోనే ఉండు. రాత్రి పన్నెండున్నరకు పడుకుంటే అది ఇక్కడి పది. మీటింగ్ అక్కడి పదకొండు తర్వాత పెట్టించుకో. ఉదయం ఎనిమిదిన్నరకే పెడితే ఒంటికి ఆరు, అప్పుడే లేచినట్టు ఉంటది.

*ప్రశ్న: ఫోన్ల టైము దానంతట అదే మారుతది గద, చేతి గడియారం సుత తిప్పుకోవాల్నా?*

ఫోన్ దిగినాక మారుతది. చేతి గడియారం విమానం ఎక్కి కూర్చోగానే మీరే తిప్పాలి, అప్పుడే ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నది అక్కడి లెక్కలో ఆలోచిస్తారు. ఇంకొకటి, ఈ అరగంటతోనే అందరూ తప్పు లెక్క వేస్తారు. రెండున్నరను రెండనో మూడనో కూడుతారు. మీ మలుపు గంట ఎంత, అక్కడ అది ఎన్నింటికి, ఈ రెండు అంకెలు చిన్న కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ కవరులో పెట్టుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి, నిద్ర మత్తులో, లైనులో నిలబడి కూడికలు చేయలేరు.